పెద్ద వయసులో పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తరువాత కీమో: మనిషి తట్టుకునేలా సిద్ధం చేయడం ఎలా

కుట్లు విప్పిన వారానికే మా పెద్దనాన్నగారి బయాప్సీ రిపోర్టు వచ్చింది. కీమో మొదలుపెట్టాలని డాక్టరుగారు చెప్పారు. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు, బరువు 52 కిలోలు. తెనాలి నుంచి చూడటానికి వచ్చిన బంధువుల్లో కొందరు “ఈ వయసులో ఆ మందులు ఎందుకు, తట్టుకోలేరు” అన్నారు. మరికొందరు “ఎంత ఖర్చయినా సరే, ఉన్నవాటిలో పెద్ద మందే ఇప్పించండి” అన్నారు. ఆ తరువాత ఆరు నెలలపాటు గుంటూరులో ఆయన పక్కనే ఉండి ఫైలు మోసినదాన్ని కనుక నాకు తెలిసివచ్చినది ఒకటుంది: కీమోను తట్టుకోవడమన్నది పుట్టిన సంవత్సరాన్ని బట్టి తేలేది కాదు. మొదలుపెట్టే ముందు మనిషి బలాన్ని ఎంత సరిగ్గా కొలిచారు, మొదలుపెట్టాక వచ్చిన ఇబ్బందిని ఎంత త్వరగా బయటికి చెప్పారు అన్న రెండింటి మీదే అది ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మొదటిది ఆసుపత్రిలో జరగాలి, రెండవది ఇంట్లో జరగాలి. ఆ రెండూ జరిగేలా మీరు ఏం చేయవచ్చో వరుసగా రాస్తున్నాను. డోసుల నిర్ణయం మాత్రం ఎప్పుడూ మీ ఆంకాలజిస్టుదే.

మొదట రిపోర్టును చదివించుకోండి

బయాప్సీ రిపోర్టులో మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. తీసి పరీక్షించిన లింఫు గ్రంథులు ఎన్ని, వాటిలో ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది అన్నది మొదటిది. కనీసం 12 గ్రంథులను పరీక్షించి ఉండాలి. అంతకంటే తక్కువ చూసి “గ్రంథుల్లో లేదు” అని రాస్తే ఆ మాట మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేము. ఒక్క గ్రంథిలో ఉన్నా అది మూడవ స్టేజి అవుతుంది, సాధారణంగా కీమో సూచిస్తారు. గ్రంథుల్లో లేకపోతే రెండవ స్టేజి లేదా అంతకంటే ముందుది. అప్పుడు చాలామందికి కీమో అవసరమే ఉండదు. గడ్డ పేగు గోడను పూర్తిగా దాటి వచ్చిన టీ4 దశ అయినా, పేగు పగిలినా, అడ్డుపడి అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి వచ్చినా అప్పుడు ఆలోచిస్తారు. రెండవది, గడ్డ గోడలోకి ఎంత లోతుగా వెళ్ళిందన్న సంగతి. మూడవది ఎమ్మెస్సై (MSI) లేదా ఎమ్మెమ్మార్ (MMR) అని రాసే పరీక్ష, గడ్డ కణాలు తమ డీఎన్‌ఏలోని తప్పులను సరిదిద్దుకోగలుగుతున్నాయా అన్నది అది చెబుతుంది. రెండవ స్టేజిలో ఈ పరీక్ష ఎమ్మెస్సై హై అని వస్తే ఫ్లోరోయురాసిల్ జాతి కీమో మందు ఒక్కటే ఇవ్వడం వల్ల లాభం కనిపించదు కనుక, పెద్దవాళ్లకు ఒక అనవసరపు కీమో తప్పిపోవచ్చు. రిపోర్టులో ఇది లేకపోతే అడగడానికి మొహమాటపడకండి.

లాభం ఎంత అన్నది కూడా తెలుసుకునే నిర్ణయం తీసుకోవాలి. ఏడు పరిశోధనల్లోని 3351 మంది వివరాలను కలిపి 2001లో చేసిన విశ్లేషణ ఒకటుంది. అందులో ఆపరేషన్ తరువాత ఫ్లోరోయురాసిల్ ఆధారిత కీమో తీసుకున్నవారిలో 5 ఏళ్ల తరువాత నూటికి 71 మంది జీవించి ఉండగా, తీసుకోనివారిలో 64 మంది ఉన్నారు. 70 దాటినవారికీ చిన్నవాళ్లకు దక్కినంత లాభమే దక్కింది. అయితే అలాంటి పరిశోధనల్లోకి తీసుకునే పెద్దవాళ్లు సాధారణంగా కాస్త గట్టిగా, తిరుగుతూ ఉన్నవాళ్లే. అందుకనే ఆ లెక్కను మీ ఇంటి మనిషికి అన్వయించే ముందు తరువాతి మెట్టు తప్పనిసరి అవుతుంది.

మనిషిని కొలవమని అడగండి

దీనిని వృద్ధుల సమగ్ర పరీక్ష అంటారు, మన దగ్గర అడిగితే తప్ప చాలాసార్లు జరగదు. 2021లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, ముదిరిన క్యాన్సర్ ఉన్న 70 దాటిన వారికి ఇలాంటి పరీక్ష చేసి, ఫలితాలను, సూచనలను డాక్టరుకు అందించినప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాలు నూటికి 71 మంది నుంచి 51 మందికి తగ్గాయి. అది ఆపరేషన్ తరువాతి కీమో గురించి చేసినది కాకపోయినా, కొలిచి చూడటం వల్ల మందు వేసే పద్ధతే మారుతుందని చెప్పడానికి నాకు అది చాలు.

జీ8 అనే ఎనిమిది ప్రశ్నల పత్రం ఉంది. తిండి తగ్గిందా, మూడు నెలల్లో బరువు తగ్గారా, బయటికి నడిచి వెళ్ళగలరా, జ్ఞాపకం ఎలా ఉంది, రోజుకు మూడుకు మించి రకాల మందులు వాడుతున్నారా వంటి ప్రశ్నలే ఉంటాయి. మొత్తం 17 మార్కులకు 14 లేదా తక్కువ వస్తే లోతుగా పరీక్షించాలని అర్థం. ఇక ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ కూర్చోమనండి, ఫోనులో సెకన్లు చూడండి. 12 నుంచి 14 సెకన్లు దాటుతుంటే పడిపోయే ప్రమాదం ఉందని డాక్టరుకు చెప్పండి. గత ఆరు నెలల్లో ఎప్పుడైనా పడ్డారా, వినికిడి తగ్గిందా, మాత్రలు వేరొకరు తీసి ఇవ్వవలసి వస్తోందా అన్నవి కూడా కీమో దుష్ప్రభావాలను ముందే అంచనా వేసే లెక్కలో ఉంటాయి. “బాగానే ఉన్నారండీ” అని ఆ ప్రశ్నలను దాటవేయకండి. మా ఇంట్లో ఆ మాట నేనే అన్నాను. పెద్దనాన్నగారు ఆపరేషన్‌కు ముందు బాత్‌రూములో జారిపడిన సంగతి మూడవ విజిట్‌లో గానీ బయటపడలేదు.

అన్నింటికంటే ముఖ్యమైనది కిడ్నీ లెక్క. రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.1 అని వచ్చి, దాని పక్కన నార్మల్ అని ఉంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ కండ తగ్గిన పెద్దవాళ్లలో ఆ అంకె మోసం చేస్తుంది. కిడ్నీ అసలు పనితనం తెలియాలంటే, 140 నుంచి వయసును తీసివేసి, వచ్చినదాన్ని బరువుతో గుణించి, దానిని 72తో క్రియాటినిన్‌ను గుణించగా వచ్చిన అంకెతో భాగించండి. ఆడవారికైతే చివరి అంకెను 0.85తో గుణించాలి. మా పెద్దనాన్నగారికి 66ను 52తో గుణిస్తే 3432, దానిని 79.2తో భాగిస్తే సుమారు 43 వచ్చింది. అదే వయసు, అదే బరువు ఉన్న ఆడమనిషికైతే 37 లోపే. ఇది ఎందుకు ముఖ్యమంటే, కేప్‌సైటబిన్ అనే కీమో మాత్రను ఈ అంకె 30 నుంచి 50 మధ్య ఉన్నవారికి పూర్తి డోసులో నాలుగింట మూడు వంతులకు తగ్గించి మొదలుపెట్టాలి, 30 కంటే తక్కువ ఉంటే ఇవ్వకూడదు. నార్మల్ అని రాసి ఉన్న రిపోర్టుతో పూర్తి డోసు మొదలై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. ఈ లెక్క మీరు కాగితం మీద వేసి తీసుకువెళ్తే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు.

ఏ మందు, ఎన్నాళ్లు అని అడగడం

ఆపరేషన్ తరువాత ఇచ్చే కీమోలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఫ్లోరోయురాసిల్ జాతి మందు ఒక్కటే ఇవ్వడం ఒక దారి, అది సెలైన్‌లో గానీ కేప్‌సైటబిన్ మాత్రల రూపంలో గానీ ఉంటుంది. దానికి ఆక్సాలిప్లాటిన్ అనే ఇంజెక్షన్‌ను కలపడం రెండవ దారి. చిన్న వయసువారిలో మూడవ స్టేజికి రెండవ దారి మేలని 2004లో వచ్చిన పెద్ద పరిశోధన చూపింది. కానీ అందులోనే 70 దాటినవారిని విడిగా చూసినప్పుడు ఆక్సాలిప్లాటిన్ కలపడం వల్ల అదనపు లాభం స్పష్టంగా కనిపించలేదు, తిమ్మిర్లు, కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిపోవడం వంటి ఇబ్బందులు మాత్రం అదనమే. కనుక “మా ఇంటి మనిషికి ఆక్సాలిప్లాటిన్ తప్పనిసరా, మాత్రలు ఒక్కటే సరిపోతాయా” అని సూటిగా అడగండి. రెండు మందులూ ఇవ్వాలనే నిర్ణయమైతే, “మూడు నెలలు చాలదా” అన్నది తరువాతి ప్రశ్న. 12,834 మంది వివరాలతో 2018లో ప్రచురితమైన ఐడియా విశ్లేషణ ప్రకారం, గడ్డ టీ4 కాకుండా, క్యాన్సర్ ఉన్న గ్రంథులు మూడుకు మించకుండా ఉన్నవారికి కేప్‌సైటబిన్, ఆక్సాలిప్లాటిన్ కలిపి మూడు నెలలు ఇస్తే ఆరు నెలలతో సమానమైన ఫలితమే దక్కింది, నరాల తిమ్మిరి మాత్రం బాగా తగ్గిపోయింది. మాత్రలు ఒక్కటే అయితే ఈ మూడు నెలల మాట వర్తించదు, ఆరు నెలలు వాడాలి.

మందు మొదలుకాకముందే డీపీడీ అనే ఎంజైమ్ పరీక్ష గురించి అడగండి. ఈ ఎంజైమ్ తక్కువగా ఉన్న కొద్దిమందిలో ఫ్లోరోయురాసిల్, కేప్‌సైటబిన్ ఒంట్లోనే పేరుకుపోయి మొదటి కోర్సులోనే ప్రాణం మీదికి తెస్తాయి. ఐరోపా ఔషధ సంస్థ 2020 నుంచి ఈ పరీక్షను ముందే చేయించమని చెబుతోంది. కీమోకు ముందు హెపటైటిస్ బీ పరీక్ష కూడా జరగాలి.

వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. చీటీ రాసుకుని వెళ్తే సగం మరచిపోతారు. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్‌తో కేప్‌సైటబిన్ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఉన్న బలం మాత్రలు కేప్‌సైటబిన్ దుష్ప్రభావాలను పెంచవచ్చు. మోకాళ్ల నొప్పికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు, అసలే బలహీనమైన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. షుగర్ ఉంటే, వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల రెండు మూడు రోజులు షుగర్ పెరుగుతుందని ముందే అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్‌కూ కీమోకూ మధ్య వారాలు

కీమోను ఆపరేషన్ జరిగిన 6 నుంచి 8 వారాల్లోపు మొదలుపెట్టాలని చూస్తారు. 8 వారాలు దాటి ఆలస్యమయ్యేకొద్దీ లాభం తగ్గుతుంది. అంటే కోలుకోవడానికి మీ చేతిలో ఉన్న వ్యవధి చాలా చిన్నది, దానిని పత్యం తినేస్తుంది. ఆపరేషన్ అయిన మనిషికి మన ఇళ్లలో పెట్టే తిండి మీకు తెలుసు: చారన్నం, కారప్పొడి, అప్పుడప్పుడు ఇడ్లీ. పప్పు వాతమని, గుడ్డు వేడని, పెరుగు చలువని, చేప చీము పడుతుందని ఒక్కొక్కటే తీసేస్తారు. ఇందులో ఏ ఒక్క మాటకూ ఆధారం లేదు. మా పెద్దమ్మ ప్రేమతోనే మూడు వారాలు అలా పెట్టింది, ఆ మూడు వారాల్లో ఆయన మూడు కిలోలు తగ్గారు. క్యాన్సర్ ఉన్నవారికి కిలో బరువుకు కనీసం ఒక గ్రాము, వీలైతే ఒకటిన్నర గ్రాముల వరకు మాంసకృత్తులు రోజూ అవసరమని పోషకాహార మార్గదర్శకాలు చెబుతాయి. యాభై కిలోల మనిషికి అది సుమారు 50 నుంచి 75 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో దాదాపు అంతే ఉంటుంది. రెండు గుడ్లు, రెండు పూటలా ముద్దపప్పు, పాలు, పెరుగు, వారంలో మూడు నాలుగు రోజులు చేప గానీ కోడి గానీ పెడితే లెక్క దగ్గరికి వస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరినవారికి మాత్రం ఎంత పెట్టాలన్నది డాక్టరునే అడగాలి. ఒకేసారి పళ్ళెం నిండా పెడితే పెద్దవాళ్లు భయపడతారు, రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

తిన్నది కండగా మారాలంటే నడవాలి. ఉదయం ఎండ ముదరకముందు, సాయంత్రం నీడ పడ్డాక, పది నిమిషాలతో మొదలుపెట్టించండి. పుచ్చుపళ్లుంటే ఈ వారాల్లోనే చూపించండి, కీమోలో కౌంట్స్ పడినప్పుడు పంటి చీము పెద్ద సమస్య అవుతుంది.

మాత్రలు వేయడం, అంతకంటే ముఖ్యంగా ఆపడం

కేప్‌సైటబిన్‌ను సాధారణంగా 14 రోజులు వేసి 7 రోజులు ఆపుతారు, ఈ మూడు వారాలు కలిపి ఒక కోర్సు. ఉదయం, రాత్రి, దాదాపు 12 గంటల తేడాతో, తిన్న అరగంటలోపు నీళ్లతో మింగాలి. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెట్టింపు వేయకూడదు. ఒక నూరు పేజీల నోటుపుస్తకం కొని, రోజుకొక వరుసలో ఎన్ని మాత్రలు వేశారు, ఎన్నిసార్లు విరేచనానికి వెళ్ళారు, బరువు, జ్వరం, ఏమి తిన్నారు అన్నవి రాయండి.

ఇక్కడ మేము చేసిన తప్పు చెబుతాను. రెండవ కోర్సు తొమ్మిదవ రోజు రాత్రి పెద్దనాన్నగారికి ఏడుసార్లు లూజ్ మోషన్స్ అయ్యాయి. ఎవరినీ లేపలేదు. తెల్లవారి, ఉదయపు మూడు మాత్రలూ లెక్కగా తీసి వేసుకున్నారు, రాత్రి మూడూ వేసుకున్నారు. మూడవ రోజు పొద్దున్నే మంచం దిగబోయి తూలి గోడను పట్టుకున్నప్పుడు గానీ మాకు తెలియలేదు. నోరు పిడచకట్టుకుపోయింది, నాలుక ఎండి తెల్లబడింది, చేతి మీద చర్మాన్ని చిటికెలో పట్టి వదిలితే వెంటనే దిగడం లేదు. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. “ఎందుకు చెప్పలేదు పెద్దనాన్నా” అంటే, “మందు మధ్యలో ఆపితే పనిచేయదు కదమ్మా, కోర్సు పూర్తి చేయాలి కదా” అన్నారు. ఆయన యవ్వనంలో టీబీకి మందు వాడారు. కోర్సు ఆపకూడదన్న ఆ మాట ఆయన మనసులో అలా నాటుకుపోయింది. టీబీ విషయంలో అది నిజమే, కీమో మాత్రల విషయంలో మాత్రం ప్రమాదం. మాకు ఇచ్చిన కాగితం మీద ఎప్పుడు ఆపాలో ఇంగ్లీషులోనే ఉంది, దానిని ఆయనకు తెలుగులో చదివి వినిపించవలసిన పని నేను చేయలేదు.

కనుక మొదటి మాత్ర వేసే ముందే ఈ మాటలు ఆయనకు, ఆవిడకు వారి భాషలో, నెమ్మదిగా చెప్పి, తిరిగి చెప్పించుకోండి. మామూలుగా వెళ్ళేదానికంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువగా విరేచనాలైనా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్ళవలసి వచ్చినా, రోజులో రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువ వాంతులైనా, నోట్లో పుండ్లతో తినలేకపోయినా, అరచేతులు, అరికాళ్లు నొప్పి పుట్టినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలి. ఇలా ఆపిన పూటల వల్ల మందు ప్రయోజనం పోదు, తీవ్రమైన విరేచనాలతో మాత్ర కొనసాగిస్తే మనిషే పోవచ్చు. ఛాతీలో నొప్పి వస్తే “గ్యాస్” అనుకుని సోడా తాగించకండి. ఈ మందు గుండె రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేయగలదు, మాత్ర ఆపి అత్యవసర విభాగానికే వెళ్ళాలి.

విరేచనాలు మొదలైన వెంటనే డబ్ల్యూహెచ్‌ఓ అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. ప్యాకెట్‌లో సగం, గ్లాసులో సగం అన్న లెక్క వద్దు. గంజి, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు పెట్టవచ్చు. ఆ రోజుల్లో గోంగూర, ఆవకాయ, పచ్చిమిర్చి పచ్చడి, గుంటూరు కారం వేసిన కూరలు పక్కన పెట్టాలి. కారం లేనిదే ముద్ద దిగని మనిషికి ఇది శిక్షలాగే ఉంటుందని తెలుసు. వాము, జీలకర్ర, మిరియాల చిటికెడుతో మేము నెట్టుకొచ్చాము. విరేచనాలను కట్టే లోపెరమైడ్ మాత్రలు ఇంట్లో ఉంచమంటారా, ఎలా వేయాలి అని ముందే రాయించుకోండి. బీపీకి నీరు తీసే మాత్ర, మెట్‌ఫార్మిన్ వంటివి విరేచనాలున్న రోజుల్లో వేయాలా వద్దా అన్నది కూడా అడగండి, ఒళ్లు ఎండిపోయినప్పుడు నీరు తీసే మాత్రతో కిడ్నీ దెబ్బతింటుంది, మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోయి ప్రమాదం తెస్తుంది. రోహిణి కార్తెలో విజయవాడ ఎండకు ఆరోగ్యవంతులే డీలా పడతారు, అలాంటప్పుడు ఆరు విరేచనాలు పెద్దవాళ్లలో పన్నెండుతో సమానమని అనుకోండి.

తగ్గాక పెద్దనాన్నగారికి డోసు తగ్గించి, ఉదయం రెండు, రాత్రి రెండు మాత్రలతో మళ్ళీ మొదలుపెట్టారు. మిగతా కోర్సులు ఆ డోసుతోనే నడిచి, మొత్తం ఎనిమిదీ పూర్తయ్యాయి. డోసు తగ్గిస్తే వైద్యం ఓడిపోయిందని అనుకోకండి, వారికి సరిపడే కొలత దొరికిందని అనుకోండి.

ఆక్సాలిప్లాటిన్ ఉంటే చల్లదనంతో జాగ్రత్త

కీమో ఎక్కించే డే కేర్‌లో పక్క మంచం మీద ఉన్న ఒకావిడకు మొదటి ఇంజెక్షన్ అయ్యింది. మే నెల మధ్యాహ్నం కదా అని ఆమె కొడుకు ఫ్రిజ్ నీళ్లు స్టీలు గ్లాసులో పోసి అందించాడు. గ్లాసు పట్టుకోగానే వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నాయి. ఒక గుక్క మింగేసరికి గొంతు పట్టేసి ఊపిరి ఆడనట్టు అయి, కళ్ల నిండా నీళ్లతో చూశారు. నర్సు గోరువెచ్చని నీళ్లు తాగించి, భుజం పట్టుకుని కూర్చుంటే కొద్ది నిమిషాల్లో సర్దుకుంది. నిజానికి ఊపిరి గొట్టం మూసుకోదు, నరాలు చలిని అలా తెలుపుతాయి. కానీ ముందే చెప్పకపోతే మనిషి ప్రాణం పోతోందనే అనుకుంటారు.

ఇంజెక్షన్ తరువాత నాలుగైదు రోజులు కుండ నీళ్లు కూడా వద్దు, గోరువెచ్చనివే తాగించండి. ఫ్రిజ్ తలుపు మరొకరు తీయాలి. కారులో, బస్సులో ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా తువ్వాలు కప్పండి. స్టీలు గిన్నెలకు బదులు పింగాణీ కప్పు మేలు. ఈ చలి జివ్వుమనడం తగ్గిపోతుంది కానీ, డోసులు పెరిగేకొద్దీ వేళ్లలో నిలిచిపోయే మొద్దుబారడం వేరు. చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నారా, చెప్పు కాలి నుంచి జారిపోతే తెలుస్తోందా అని ప్రతి కోర్సుకు ముందు మీరే చూసి డాక్టరుకు చెప్పండి. పెద్దవాళ్లలో అరికాలి స్పర్శ పోతే తరువాత జరిగేది పడిపోవడం, తుంటి ఎముక విరగడం. ఆ దశకు ముందే ఆక్సాలిప్లాటిన్ ఒక్కటి ఆపి, మిగతా మందు కొనసాగించవచ్చు.

జ్వరం

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే అది రాత్రి రెండు గంటలైనా సరే ఫోన్ చేసి బయలుదేరవలసిందే. కొలవకముందే పారాసెటమాల్ వేస్తే జ్వరం దాగిపోతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఇంజెక్షన్ తరువాత 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్స్ ఎక్కువగా పడతాయి. పెద్దవాళ్లకు కొన్నిసార్లు జ్వరం రాకుండానే వణుకు, మాట తడబడటం, అకస్మాత్తుగా మత్తుగా పడుకోవడం మాత్రమే కనిపిస్తాయి, వాటికీ ఇదే నియమం. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూది వేయించి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు.

అరచేతులు, అరికాళ్లు

కేప్‌సైటబిన్‌తో చర్మం మంట పుట్టి పొరలు లేస్తుంది. పుస్తకాల్లో ఎర్రబడుతుందని రాస్తారు, మన చర్మం మీద అది నల్లబడటంగానే ఎక్కువగా కనిపిస్తుంది. గోరింటాకు పెట్టుకుంటే అదీ కనిపించదు కనుక ఆ ఆరు నెలలూ వద్దు. మొదటి రోజు నుంచే 10 శాతం యూరియా ఉన్న క్రీము రోజూ రాయడం, వేడి గిన్నెలు పట్టుకోకపోవడం, మెత్తని చెప్పులు వేసుకోవడం మంచిది. నొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ గురించి కూడా అడగండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై జరిగి 2024లో ప్రచురితమైన పరిశోధనలో, ఆ జెల్ చేతులకు రాసినవారిలో ఇబ్బంది కలిగించే స్థాయి మంట నూటికి 4 మందికి లోపు వస్తే, రాయనివారిలో 15 మందికి వచ్చింది. ఇంద్రకీలాద్రి మొక్కు ఉంటే కీమో పూర్తయ్యాకే పెట్టుకోండి, ఎండకు కాలిన మెట్ల మీద వట్టి కాళ్లతో నడవడం ఈ పాదాలు భరించలేవు.

రాకపోకలు, కాగితాలు

కీమో రోజున బయలుదేరి వచ్చాక కౌంట్స్ తక్కువని వెనక్కి పంపితే, రేపల్లె నుంచో నూజివీడు నుంచో బస్సులో వచ్చిన ముసలి మనిషికి ఆ రోజంతా అలసటే మిగులుతుంది. ముందురోజే మీ ఊళ్లోని ల్యాబులో రక్త పరీక్ష చేయించి, రిపోర్టు ఫోనులో పంపి, రమ్మన్నాకే బయలుదేరండి. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట ఆసుపత్రుల వీధులు కాబట్టి అక్కడ దించుకోవడానికి, కూర్చోబెట్టడానికి తోడుగా ఇద్దరుండటం మంచిది. గుంటూరు ప్రభుత్వాసుపత్రి ఆవరణలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది, రెండు ఊళ్లకూ మధ్యన మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద కీమో ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో మొదటి రోజే అడగండి. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ 29న ఆయుష్మాన్ వయ వందన కార్డులను మొదలుపెట్టింది. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఆ ఆసుపత్రిలో అది చెల్లుతుందేమో అదే కౌంటర్‌లో కనుక్కోండి.

మధ్యలో ఆపవలసి వస్తే, పూర్తయ్యాక

డోసు తగ్గించినా విరేచనాలు ఆగకపోతే, బరువు పడిపోతూనే ఉంటే, మనిషి మంచానికే పరిమితమవుతుంటే, ఇక చాలని చెప్పే హక్కు పెద్దవాళ్లకు ఉంది. ఆ మాట వారి నోటి నుంచి వచ్చేలా అడగండి, పిల్లల ముందు చెప్పలేకపోతే డాక్టరు దగ్గర ఒంటరిగా ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. క్యాన్సర్‌ను అసలు తొలగించినది ఆపరేషనే. కీమో దానికి అదనపు రక్షణ.

చివరి డోసుతోనే అన్నీ ఆగిపోవు. ఆక్సాలిప్లాటిన్ తిమ్మిర్లు మందు ఆపాక కూడా రెండు మూడు నెలలు పెరిగి, ఆ తరువాతే తగ్గుముఖం పడతాయి. అందుకని బాత్‌రూములో పట్టుకునే కడ్డీ, రాత్రి వెలిగే చిన్న బల్బు, వెనక పట్టీ ఉన్న చెప్పులు అప్పుడే తీసేయకండి. క్యాన్సర్ తిరిగి వస్తోందేమో చూసే సీఈఏ రక్త పరీక్ష మూడు నుంచి ఆరు నెలలకొకసారి, పెద్దపేగు కొలనోస్కోపీ ఆపరేషన్ జరిగిన ఏడాదికి ఉంటాయి, ఆ తేదీలను నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకోండి. మా పుస్తకంలో ఆ పేజీ మీద తేదీలన్నీ పెద్దనాన్నగారు తన చేతితోనే రాసుకున్నారు.